మందను కాపాడే రక్తపు చుక్క

మీరు బతు బస్తీలో ఉంటున్నారనుకుందాం. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచో, విశాఖపట్నం నుంచో ఓడెక్కి వచ్చిన కుటుంబం మీది. ఇంటి వెనక రేకుల పాకలో నాలుగైదు మేకలున్నాయి. ఈసారి మెయిన్‌లాండ్ నుంచి ఒక మంచి జాతి మేకపోతును, వీలైతే ఒక నెల్లూరు పొట్టేలును కూడా తెప్పించాలని మీ ఆలోచన. చెన్నై నుంచి గానీ, విశాఖ నుంచి గానీ ఓడ రావడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. ఎక్కించిన రోజున పొట్టేలు బాగుంది. రేవులో దిగిన రోజునా బాగుంది. మేత మేస్తోంది, నెమరు వేస్తోంది, ముక్కు కారడం లేదు.

మరి దాన్ని ఆ సాయంత్రమే మీ మేకల మధ్యకు తోలవచ్చా?

ఈ ప్రశ్న చిన్నదే. కానీ దీనికి జవాబు వెతుకుతూ పోతే గొర్రెల వైద్యంలో గత వందేళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఒకటి మనకు అర్థమవుతుంది. ఒకప్పుడు రోగం వచ్చిన జంతువును చూసి గుర్తుపట్టేవాళ్లం. ఇప్పుడు రోగం రాకముందే, జంతువు పుట్టుకలో ఉన్న రాతను చదివి, ఏది ఏ రోగానికి లొంగుతుందో కొంతవరకు చెప్పగలుగుతున్నాం. ఆ చదువునే జన్యుపరీక్ష అంటున్నాం. అది ఏం చేయగలదో, ఏం చేయలేదో ఈ పాఠంలో చూద్దాం.

ఓడకు మూడు రోజులు, రోగానికి ఆరు రోజులు

ముందుగా కాలం సంగతి. ఏ అంటురోగమైనా ఒంట్లోకి చేరిన రోజునే బయటపడదు. గొర్రెలకూ మేకలకూ వచ్చే పీపీఆర్‌నే తీసుకోండి. మన కాపరులు పారుడు రోగం అంటారు. జ్వరం, ముక్కు వెంట కళ్ల వెంట కారడం, నోట్లో పుండ్లు, ఆ తరువాత విపరీతమైన పారుడు. దాని వైరస్ సోకాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఓడ ప్రయాణం మూడు రోజులే. అంటే సంతలో వైరస్ అంటుకున్న పొట్టేలు ఆరోగ్యంగా ఓడెక్కి, ఆరోగ్యంగా దిగి, మీ పాకలోకి వచ్చాక పడకేయవచ్చు. అందుకే కొత్త జంతువును మూడు నాలుగు వారాలు విడిగా కట్టమని పశువైద్యులు చెప్పేది. ఇది వారి చాదస్తం కాదు.

మూడు నాలుగు వారాలతో తేలే రోగాలకు ఆ జాగ్రత్త చాలు. నెలలూ సంవత్సరాలూ దాగి ఉండే రోగం సంగతేమిటి? దీనికి మరో ద్వీపం కథ చెప్పుకోవాలి. అండమాన్‌లో ఉన్నవారికి ఈ కథ దగ్గరగా తోస్తుంది, చలి ఒక్కటే తేడా.

ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఐస్‌లాండ్ ఉంది. అక్కడి గొర్రెలు పదకొండు వందల ఏళ్ల కిందట వలస వచ్చినవారి పడవల్లో చేరినవి. చుట్టూ సముద్రం కాబట్టి బయటి రోగాలు వాటికి తెలియవు. 1933లో అక్కడివారు జర్మనీలోని హాలే నగరం నుంచి కరకుల్ జాతి గొర్రెలను తెప్పించారు. ఎన్నో కాదు, ఇరవై. రెండు నెలలు విడిగా ఉంచి చూశారు. ఏ రోగమూ కనబడలేదు. రైతులకు పంచారు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఊపిరితిత్తులను తినేసే నిదాన రోగాలు మందల్లో బయటపడ్డాయి. వాటిలో ఒకటి మైదీ. ఆ మాటకు వారి భాషలో ఆయాసం అని అర్థం. ఆ వ్యాధిని దేశం నుంచి తుడిచివేయడానికి ఆరు లక్షలకు పైగా గొర్రెలను చంపవలసి వచ్చింది. 1965 నాటికి గాని ఆ పని పూర్తి కాలేదు.

రెండు నెలల కాపలాలో తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. ఆ వైరస్ సంవత్సరాల తరబడి నిద్రపోతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ఉపద్రవాన్ని పరిశీలించిన ఐస్‌లాండ్ శాస్త్రవేత్త బ్యోర్న్ సిగుర్డ్‌సన్ 1954లో 'నిదాన అంటురోగాలు' అనే భావనను ప్రపంచానికి ఇచ్చాడు. ఆ తరువాత మనుషుల వైద్యంలో కూడా అది పనికొచ్చింది.

జన్యువు లేని రోగం

ఐస్‌లాండ్‌కు అంతకుముందే మరో నిదాన రోగం చేరి ఉంది. 1878లో డెన్మార్క్ మీదుగా వచ్చిన ఇంగ్లీషు ఆక్స్‌ఫర్డ్ డౌన్ జాతి పొట్టేలు ఒకటి దాన్ని తెచ్చిందని అక్కడివారు చెబుతారు. ఒకే ఒక్క పొట్టేలు. ఆ రోగం పేరు స్క్రేపీ. ఇంగ్లండ్‌లో 1732 నుంచీ దీని ప్రస్తావన ఉంది. రోగం పట్టిన గొర్రె దురదతో ఒళ్లంతా కంచెకూ రాతికీ రాసుకుంటుంది, ఉన్ని ఊడిపోతుంది, నడక తూలుతుంది, చివరికి పడిపోతుంది. సోకిన రెండు నుంచి ఐదేళ్లకు గాని లక్షణాలు రావు. వచ్చాక మందు లేదు. టీకా అసలే లేదు.

దీనికి కారణమేమిటో రెండు వందల ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. 1936లో క్యుయే, షెల్ అనే ఇద్దరు ఫ్రెంచి పశువైద్యులు రోగి గొర్రె నాడీకణజాలాన్ని ఆరోగ్యమైన గొర్రెలోకి ఎక్కించి, ఇది అంటుకునేదేనని రుజువు చేశారు. దాదాపు అదే కాలంలో స్కాట్లండ్‌లో పొరపాటున మరో రుజువు దొరికింది. పిడుదుల వల్ల వచ్చే ఒక మెదడు జబ్బుకు గొర్రె మెదడు నుంచే టీకా తయారుచేసి, ఫార్మలిన్‌తో శుద్ధిచేసి, వేలాది గొర్రెలకు వేశారు. రెండేళ్లు దాటాక ఒక విడత టీకా వేసిన మందల్లో స్క్రేపీ బయటపడింది. ఏ క్రిమినైనా చంపుతుందనుకున్న ఫార్మలిన్ దీన్ని చంపలేదు.

చంపడానికి అందులో ప్రాణమున్న క్రిమి ఉంటే కదా! 1982లో అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ దీనికి ప్రియాన్ అని పేరు పెట్టాడు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ప్రియాన్ అంటే మడత తప్పిన ప్రోటీన్. ప్రతి గొర్రె మెదడులోనూ, ఆ మాటకొస్తే మన మెదడులోనూ, ఆ ప్రోటీన్ మంచి రూపంలో ఉంటుంది. మడత తప్పినది ఒకటి వచ్చి చేరితే పక్కనున్న మంచిదాన్ని కూడా తన రూపంలోకి లాగుతుంది. అది మరొకదాన్ని. గోరువెచ్చని పాలలో పడిన తోడు చుక్క తెల్లవారేసరికి గిన్నెడు పాలనూ పెరుగు చేసినట్టు. పెరుగులో బ్యాక్టీరియా ఉంటుంది, ఇక్కడ అదీ లేదు.

ఈ సంగతి దగ్గర కాస్త ఆగండి. పీపీఆర్ వైరస్‌కు దానిదైన ఆర్ఎన్ఏ ఉంది. కాబట్టి ముక్కు స్రావంలో ఆ ఆర్ఎన్ఏ కోసం వెతికి, దొరికితే రోగం ఉందని చెప్పవచ్చు. ప్రియాన్‌లో డీఎన్ఏ లేదు, ఆర్ఎన్ఏ లేదు. రోగకారకం జన్యువును పరీక్షిద్దామంటే అసలు జన్యువే లేదు. ఇక చదవడానికి మిగిలింది ఒక్కటే, గొర్రె సొంత జన్యువు. జన్యుపరీక్ష అనే మాట గొర్రెల పెంపకంలో ముందుగా స్క్రేపీతోనే బలపడడానికి కారణం ఇదే.

మరొక భయంకరమైన సంగతి కూడా చెప్పాలి. ప్రియాన్ మట్టిలోనూ పాకల్లోనూ ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. ఐస్‌లాండ్‌లో మందను మొత్తం చంపి, శుభ్రంచేసి, కొత్త గొర్రెలను తెచ్చుకున్న ఒక పొలంలో పదహారేళ్లకు పైగా గడిచాక కూడా పాత పాకలోని ప్రియాన్ వల్లనే రోగం తిరగబెట్టి ఉంటుందని పరిశోధకులు నిర్ధారించారు.

మూడు స్థానాలు

గొర్రెకు 27 జతల క్రోమోజోములు ఉంటాయి. పదమూడో క్రోమోజోము మీద ప్రియాన్ ప్రోటీన్ తయారీకి సంబంధించిన జన్యువు ఉంది. ఆ జన్యువులోని రాత ప్రకారం 256 అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసగా గుచ్చుకుంటాయి. డీఎన్ఏలోని ప్రతి మూడక్షరాలకు ఒక పూస. ఈ దండలో 136, 154, 171 అనే మూడు స్థానాల్లో ఏ పూస ఉందనే దాని మీద స్క్రేపీ చాలావరకు ఆధారపడి ఉంటుంది.

171వ స్థానాన్ని చూడండి. అక్కడ సాధారణంగా గ్లుటమిన్ ఉంటుంది. దాని రాత సీ, ఏ, జీ. మధ్యలోని ఏ స్థానంలో జీ వస్తే గ్లుటమిన్ బదులు ఆర్జినిన్ వస్తుంది. ఒకే ఒక్క అక్షరం! ఈ ఆర్జినిన్ ఉన్న ప్రోటీన్ చెడు మడతలోకి సులభంగా మారదు. మూడు స్థానాల్లోనూ వరుసగా అలనిన్, ఆర్జినిన్, ఆర్జినిన్ ఉంటే ఆ రూపాన్ని ఏఆర్ఆర్ అంటారు. అది మందకు రక్ష. దానికి భిన్నంగా 136లో వాలిన్, 171లో గ్లుటమిన్ ఉన్న వీఆర్‌క్యూ రూపం అన్నిటికంటే ప్రమాదకరం.

ప్రతి గొర్రెకూ తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. రెండూ ఏఆర్ఆర్ అయితే సాధారణ స్క్రేపీ దాదాపు అంటదు. రెండూ వీఆర్‌క్యూ అయి, ఆ మందలో రోగం ఉంటే, ఆ గొర్రెకు బతుకు మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

పరీక్ష ఎలా చేస్తారు? మెడ నరం నుంచి కొద్దిగా రక్తం తీస్తారు. చెవి కొసన చిన్న ముక్క తీసినా సరిపోతుంది. అందులోని డీఎన్ఏను విడదీసి, కావలసిన భాగాన్ని మాత్రం పీసీఆర్ పద్ధతిలో నకళ్లు తీస్తారు. ఒక్కో విడతలో ఒకటి రెండు, రెండు నాలుగు అవుతాయి. ముప్ఫై విడతలకు ఒక్క ప్రతి 107 కోట్ల ప్రతులవుతుంది. అప్పుడు చదవడం తేలిక. కాపరికి ఇవన్నీ తెలియనక్కర్లేదు. ఆయన చూసుకోవలసింది వేరే ఉంది. రక్తం తీసిన గొట్టం మీద రాసిన నెంబరు, గొర్రె చెవి పోగు నెంబరు ఒకటేనా? ప్రయోగశాల ఎంత గొప్పదైనా, ఎర్ర పొట్టేలు రక్తం మీద నల్ల పొట్టేలు నెంబరు పడితే అంతా వృథా. బ్రిటన్‌లో ఈ గందరగోళానికి భయపడి, పరీక్షించిన గొర్రె చేత ఎలక్ట్రానిక్ గుర్తింపు ఉన్న పింగాణీ గోలీని మింగించేవారు. అది పొట్టలోనే ఉండిపోతుంది. చెవి పోగులా ఊడిపోదు, మార్చి పెట్టడానికీ కుదరదు.

గొర్రెలన్నిటినీ పరీక్షించాలా అని మీకు సందేహం రావచ్చు. ఆదర్శంగా అయితే అవును. ఖర్చు చూస్తే మాత్రం ముందు విత్తనపు పొట్టేలునే పరీక్షించాలి. మన ప్రాంతంలో పాతిక ముప్ఫై గొర్రెలకు ఒక పొట్టేలును ఉంచుతారు. ఆ ఒక్కదాని రాత ఆ ఏడాది పిల్లలన్నిటిలోనూ సగం రాత. రెండు ప్రతులూ ఏఆర్ఆర్ ఉన్న పొట్టేలును వేస్తే, తల్లి ఏదైనా సరే, ప్రతి పిల్లకూ ఒక ఏఆర్ఆర్ ఖాయం. ఆ ఆడపిల్లలు ఎదిగాక మళ్లీ అలాంటి పొట్టేలునే, రక్తసంబంధం లేనిదాన్ని వేస్తే, పుట్టేవాటిలో సుమారు సగానికి రెండు ప్రతులూ ఏఆర్ఆర్ అవుతాయి. తక్కినవాటికి కనీసం ఒకటైనా ఉంటుంది. ఇది మూడు నాలుగేళ్ల పని, రెండు పొట్టేళ్ల ఖర్చు. 'పొట్టేలు సగం మంద' అని పెంపకందార్లు అనేది ఊరికే కాదు.

బ్రిటన్ అనుభవం

ఈ లెక్కను ఒక దేశం మొత్తానికి వర్తింపజేస్తే ఏమవుతుంది? బ్రిటన్ 2001లో ఆ పని మొదలుపెట్టింది. దాని వెనక స్క్రేపీ కంటే పెద్ద భయం ఉంది. 1986లో అక్కడి ఆవుల్లో పిచ్చి ఆవు వ్యాధి బయటపడింది. అదీ ప్రియాన్ రోగమే. 1996లో అది మనుషులకూ వస్తుందని తేలింది. గొర్రెల్లో కూడా అది స్క్రేపీ ముసుగులో దాగి ఉందేమోనన్న అనుమానంతో జాతీయ స్క్రేపీ ప్రణాళికను తెచ్చారు. పొట్టేళ్లకు ఉచితంగా పరీక్ష చేసి, ఒకటి నుంచి ఐదు వరకు తరగతులిచ్చారు. పథకంలో చేరిన మందలో వీఆర్‌క్యూ ఉన్న పొట్టేలును వధించాలి, లేదా విత్తులు నొక్కించాలి. యూరప్ దేశాలు కూడా ఇదే దారి పట్టాయి.

దీనివల్ల రైతుకు కలిగిన పెద్ద మేలు ఒకటి ఉంది. అంతకుముందు మందలో ఒక్కదానికి స్క్రేపీ వస్తే మంద మొత్తం పోయే పరిస్థితి. యూరప్ కొత్త నిబంధనల ప్రకారం రెండు ప్రతులూ ఏఆర్ఆర్ ఉన్న పొట్టేళ్లను, వీఆర్‌క్యూ లేకుండా కనీసం ఒక ఏఆర్ఆర్ ఉన్న గొర్రెలను చంపకుండా వదలవచ్చు. తరతరాల కష్టం ఒక్క రోజులో గోతిలో పడకుండా ఒక రక్తపు చుక్క ఆపగలిగిందన్నమాట.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 1998లో నార్వేలో మరో రకం స్క్రేపీ కనబడింది. నోర్98 అని పేరు పెట్టారు. అది ఏఆర్ఆర్ ఉన్న గొర్రెలకు కూడా వస్తోంది! అదృష్టవశాత్తూ ఇది మందలో పెద్దగా పాకే రకం కాదు. ఒకటీ అరా ముసలి గొర్రెల్లో తప్ప కనబడదు. కానీ ఒక తలుపు మూసినంత మాత్రాన ఇల్లంతా భద్రమని అనుకోరాదని చూపించింది. అరుదైన కొండ జాతుల పెంపకందార్లకు మరో బెంగ కూడా పట్టుకుంది. వారి మందల్లో ఏఆర్ఆర్ పొట్టేళ్లు చాలా తక్కువ. ఉన్న ఒకటి రెండింటినే అందరూ వాడితే రక్తసంబంధం పెరిగి, పాలు, పిల్లల బలం, చలిని తట్టుకునే గుణం దెబ్బతినవచ్చు. గొర్రెల్లో స్క్రేపీ ముసుగు వేసుకున్న పిచ్చి ఆవు వ్యాధి ఉందన్న రుజువు దొరకలేదు. బ్రిటన్ ప్రణాళిక 2009లో ముగిసింది. నా అభిప్రాయం అడిగితే, ఆ పథకం వృథా కాదు, తొందర మాత్రం కాస్త ఎక్కువైంది.

ఐస్‌లాండ్ వారి కష్టం దీనికి తలకిందులు. వారి మందల్లో ఏఆర్ఆర్ అసలు లేదనే అనుకున్నారు. వేలాది గొర్రెలను పరీక్షించినా దొరకలేదు. బయటి నుంచి పొట్టేలును తెద్దామంటే 1878, 1933 కళ్ల ముందు మెదులుతున్నాయి. కాబట్టి దేశాన్ని కంచెలతో, నదులతో ప్రాంతాలుగా విడగొట్టి, రోగం వచ్చిన మందను మొత్తం చంపడమే దశాబ్దాలుగా వారి పద్ధతి. 2022 జనవరిలో తూర్పు తీరాన ఉన్న థెర్నునెస్ అనే పొలంలో ఆరు గొర్రెలకు ఏఆర్ఆర్ ఉన్నట్టు తేలింది. దేశమంతటా మూడు లక్షలకు పైగా గొర్రెలు, వాటిలో ఆరు! ఆ మందలో పుట్టిన గిమ్‌స్టైన్ అనే పొట్టేలు వీర్యాన్ని కృత్రిమ గర్భధారణ ద్వారా దేశమంతా పంచారు. ఆ పేరుకు రత్నం అని అర్థం. 2023 వసంతంలో ఉత్తర ప్రాంతంలోని రెండు పొలాల్లో రోగం బయటపడి సుమారు 1,400 గొర్రెలను చంపవలసి వచ్చినప్పుడు, ఆ రత్నం విలువ అందరికీ తెలిసొచ్చింది. 2024లో ఆ దేశం మందను మొత్తం చంపే దారి నుంచి మళ్లి, జన్యువును బట్టి పెంచే ప్రణాళికను చేపట్టింది.

ఆ ఆరూ ఎవరూ గొప్పగా చెప్పుకోని గొర్రెలే. ఎవరో ఒక రైతు వాటిని అమ్మకుండా ఉంచుకున్నాడు, అంతే.

మన మందల సంగతి

ఇప్పుడు తెలుగు నేలకు వద్దాం. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలోని 7.43 కోట్లలో ఇది దాదాపు సగం. వీటికి స్క్రేపీ పరీక్ష చేయించాలా? భారతదేశంలో స్క్రేపీ ఎన్నడూ లేదనుకోకండి. హిమాలయ పాదప్రాంతాల్లోని గొర్రెల్లో అది కనిపించినట్టు 1961లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. కానీ మన గొల్ల, కురుమ కాపరుల మందలను ఖాళీ చేసేది అది కాదు. నీలి నాలుక, పీపీఆర్, బొబ్బ రోగం, చిటుకు రోగం, నట్టలు, ఇవీ మన శత్రువులు. లేని దొంగకు తాళం కొని, ఉన్న దొంగకు తలుపు తీసి ఉంచకూడదు కదా.

నీలి నాలుకను తీసుకోండి. వానలు ముదిరాక క్యులికాయిడ్స్ అనే అతి చిన్న కుట్టే ఈగలు దీన్ని వ్యాపింపజేస్తాయి. మూతి వాచి, నాలుక నీలమెక్కి, గిట్టల దగ్గర నొప్పితో గొర్రె కుంటుతుంది. 1998లో ఆంధ్రప్రదేశ్‌లో ఇది పెద్ద ఎత్తున చెలరేగింది. ఈ వైరస్‌లో ఇరవైకి పైగా రకాలున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ మరో రకానికి పనికిరాదు. ఇక్కడ జన్యుపరీక్ష చేయవలసింది గొర్రెకు కాదు, వైరస్‌కు. ఏ ఏ రకాలు మన మందల్లో తిరుగుతున్నాయో తేల్చుకున్నాకనే 1, 2, 10, 16, 23 అనే ఐదు రకాలను కలిపి మన దేశంలో టీకాను రూపొందించారు. పీపీఆర్‌ది కాస్త సులువైన దారి. 1987లో తమిళనాడులో మొదటిసారి గుర్తించిన ఈ వైరస్‌కు రకాలు ఎన్నున్నా ఒకే టీకా పనిచేస్తుంది. 2030 నాటికి దీన్ని ప్రపంచం నుంచి నిర్మూలించాలని లక్ష్యం.

మరి గొర్రె సొంత జన్యువును చదివితే మనకు లాభమే లేదా? ఉంది. మైదీ వైరస్ సోకే అవకాశాన్ని తగ్గించే ఒక జన్యు మార్పును 2012లో అమెరికాలో కనుగొన్నారు. మన దేశంలో మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థవారు సుందరవనాల గారోల్ గొర్రెలోని కవలల జన్యువును దక్కనీ గొర్రెలోకి తెచ్చారు. ఏ పొట్టేలులో ఆ జన్యువు ఉందో రక్తపరీక్షతోనే చూసి ఎంచుకున్నారు. అంటే మన కాపరుల మందల్లోనూ ఈ పద్ధతి నడుస్తుందని రుజువైంది. నట్టల విషయంలో మాత్రం చిక్కుంది. రక్తం పీల్చే నట్టలను గారోల్ గొర్రె మిగతావాటి కంటే బాగా తట్టుకుంటుంది. కానీ ఆ గుణం ఒక అక్షరంలో లేదు, ఎన్నో జన్యువుల్లో కొంచెం కొంచెంగా చెదిరి ఉంది. దానికి ఒక్క పరీక్షతో జవాబు రాదు. పెంటికల్లో నట్టల గుడ్లను లెక్కపెడుతూ, తక్కువ ఉన్న గొర్రెల సంతతిని ఏళ్ల తరబడి ఎంచుకుంటూ పోవాలి.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. తెలంగాణలో 2017లో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. జంతువులు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చాయి. ఇలాంటి రాకపోకల్లో ఆ ఇరవై ఒకటో జంతువు మీద పెట్టే పరీక్ష ఖర్చు తక్కిన అన్ని ఖర్చుల కంటే లాభసాటి. ఇంకో సంగతి. గొంగడికి ఉన్నినిచ్చే నల్ల దక్కనీ గొర్రె, మాంసానికి ఎత్తుగా ఎదిగే నెల్లూరు పొట్టేళ్ల సంకరంతో చాలాచోట్ల పలచబడిపోయింది. నెల్లూరులోనైనా పల్ల, జోడిపి, డోర అని రంగును బట్టి మూడు తెగలున్నాయి. సంతలో ఏ రంగుకు ధర పలికితే దాని పొట్టేలే మిగులుతుంది. వీటిలో ఏ తెగలో ఏ రోగానికి రక్ష దాగి ఉందో ఇంకా చదవవలసింది చాలా ఉంది. చదవకముందే పుస్తకం అమ్మేస్తే ఎలా?

మళ్లీ బతు బస్తీకి

రేవులో దిగిన మీ పొట్టేలు ఇంకా మన కోసం ఎదురుచూస్తూనే ఉంది.

దాన్ని మీ మేకల మధ్యకు ఆ సాయంత్రం తోలకండి. గాలి, నీరు, మేత తొట్టి వేరుగా ఉన్నచోట కనీసం మూడు నాలుగు వారాలు కట్టండి. ముందు మీ మేకలకు మేత వేసి, తరువాత దాని దగ్గరకు వెళ్లండి. ఆ వరుస తప్పవద్దు. జ్వరం గానీ, ముక్కు కారడం గానీ కనిపిస్తే పశువైద్యుణ్ణి పిలిచి ముక్కు స్రావం తీయించండి. వైరస్ ఆర్ఎన్ఏ పరీక్షకు మంచి సమయం అదే. పేడ పరీక్ష, నట్టల మందు, పీపీఆర్ టీకా ఎప్పుడు వేయాలనేది ఆయననే అడగండి. అమ్మినవారి మంద ఎక్కడిది, గత రెండేళ్లలో ఆ మందలో తూలి పడిపోయినవి, దగ్గుతో చిక్కిపోయినవి ఉన్నాయా అని ఫోన్‌లోనైనా కనుక్కోండి. నిదాన రోగాల విషయంలో మీ కళ్ల కంటే వారి జ్ఞాపకమే ఎక్కువ చెబుతుంది.

అసలు ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడేచోట పొట్టేలు ఎంతవరకు నెగ్గుకొస్తుందో ఆలోచించుకోండి. తడి నేలలో గిట్టలు కుళ్లుతాయి. మీకు మేకే మేలు. మేకలకు కూడా స్క్రేపీ వస్తుంది. గొర్రెల్లో ఏఆర్ఆర్‌లాగే మేకల్లో 146, 222 స్థానాల్లోని మార్పులు రక్షణ ఇస్తాయని తేలింది. సైప్రస్ ద్వీపంలో 146వ స్థానాన్ని చూసి మేకలను ఎంచుకుంటున్నారు.

మీ ఊరికి పక్కనే ఉన్న గారచర్మలో కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. 1978లో ఏర్పడింది. ఈ దీవుల మేకల మీద అక్కడ పని జరుగుతోంది. నికోబార్ దీవుల్లోని తెరెస్సా మేకను జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ నికోబార్‌లో మనుషులతోపాటు పశువులనూ ఊడ్చుకుపోయింది. మిగిలినవి అంతకంటే విలువైనవయ్యాయి. బారెన్ ద్వీపంలో అగ్నిపర్వతం పక్కన అడవిపాలై బతుకుతున్న మేకలు ఉప్పునీరు కూడా తాగుతాయని పరిశోధకులు నమోదు చేశారు.

మీ పాకలోని పొట్టి మేక బరువు తక్కువ తూగవచ్చు. కొత్త పోతు వచ్చిందని పాత పోతులన్నిటికీ ఒకేసారి విత్తులు నొక్కించకండి. వాటిలో మీ ఇంట పుట్టి పెరిగినదాన్ని, వానాకాలాలు మందు లేకుండా దాటినదాన్ని ఒక్కటైనా ఉంచండి. సంస్థవారు నమూనాల కోసం వస్తే దాని చెవి కొసన ఒక ముక్క తీసుకోనివ్వండి. సూది గుచ్చకముందే గొట్టం మీద నెంబరు రాయమని మీరే గుర్తుచేయండి.